నవ్వు ఆగాక రెండు సెకండ్లు

మిక్సింగ్ అక్క పోయిందని మొన్న బుధవారం ఆమె కొడుకు ఫోన్ చేశాడు. పొద్దున టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. పదకొండింటికి లేపబోతే లేవలేదు. "ముఖం మాత్రం తేటగ ఉన్నది చిన్నమ్మా. ఏదో పని అయిపోయినట్టు" అన్నాడు.

ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయి వస్తున్న మనిషి. చివర్లో చేతి మీద సూది గుచ్చడానికి చోటు వెతుక్కోవలసి వచ్చేది. అందుకే, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను, నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, నిమ్మళం. ఏడుపు తర్వాత వచ్చింది, ఆటోలో, నారాయణగూడ చౌరస్తా దాటుతుంటే. ఒకప్పుడు ఆమె స్టూడియో ఉన్న మేడ ఇప్పుడు లేదు. ఆ చోట ఒక బట్టల షోరూం ఉంది.

తొంభైల్లో పెళ్లి వీడియో తీయించుకున్నవాళ్లకు మిక్సింగ్ అంటే విడమరచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. పెళ్లిలో తీసిన నాలుగైదు క్యాసెట్లను ముందేసుకుని, అక్కర్లేనివి తీసేసి, పాటలు కలిపి, పెళ్లికూతురి ముఖాన్ని తామరపువ్వు మధ్యలోంచి పైకి రప్పించి, మూడు గంటల క్యాసెట్‌గా చేసి ఇవ్వడం. మా వైపు ఆ పని చేసేవాళ్లందరూ మగవాళ్లే, ఈమె తప్ప. అమ్మానాన్నలు పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి వచ్చి బస్తీలో స్థిరపడ్డవాళ్లు. తను స్టూడియోలో ఊడవడానికి కుదిరి, ఊడుస్తూ ఊడుస్తూ మిషన్లు నేర్చుకుంది. చదివింది ఏడో తరగతి.

ఆమె దగ్గరికి నన్ను పంపించింది మా పెద్దక్క పెళ్లి. మిక్సింగ్ జరిగేటప్పుడు పెళ్లివారింటి నుంచి ఒకరు వెళ్లి పక్కన కూర్చోవాలి. లేకపోతే ఎవరు మేనమామో, ఎవరు వంటాయనో చేసేవాళ్లకు తెలీదు. మేనమామను తీసేసి వంటాయనను ఐదు నిమిషాలు ఉంచిన పాపానికి మా గల్లీలో రెండిళ్ల మధ్య మాటలు లేవు. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను కాబట్టి ఆ ఉద్యోగం నాకిచ్చారు. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడకు నడిచిపోయే దూరమే. రెండు రోజుల పని. నేను ఎండాకాలమంతా ఉండిపోయాను.

అగ్గిపెట్టెంత గది, కిటికీకి నల్ల పరదా, రెండు వీసీఆర్లు, రెండు టీవీలు. చెప్పులు బయట విప్పాలి. క్యాసెట్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. ఆమె పద్ధతి అది. మొదటి రోజు తెర మీదికి మా నాన్న వచ్చాడు. అప్పగింతలయ్యాక, ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఈ సార్ ఎవరు?"

"మా నాన్న. ఊరికే కూచున్నడు కదక్కా, తీసెయ్."

ఆమె తీయలేదు. వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. తెర మీద నాన్న, వెళ్లిపోతున్న చుట్టాలెవరికో నవ్వి చెయ్యి ఊపాడు. నవ్వు ఆగిపోయింది. ఒళ్లో ఉన్న తువ్వాలును మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు.

"నవ్వు అయిపోంగనే కోయొద్దు చెల్లె. ఇంక రెండు సెకండ్లు ఉంచాలె. మనిషి గప్పుడే కనపడ్తడు" అంది.

పదిహేడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నా మా నాన్నను నేను అంతసేపు చూడలేదు. ఆ గదిలోంచి నాకు కదలబుద్ధి కాకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

మర్నాటి నుంచి ఆమె నా చేత క్యాసెట్ల మీద పేర్లు రాయించింది, తర్వాత పాటలు వెతికించింది, తర్వాత ఒక బారసాల మొత్తం నా చేతుల్లో పెట్టి తను టీ తాగడానికి పోయింది. కెమెరా వాళ్లను ఆమె తూచే పద్ధతి వేరు. "ముహూర్తం ఎవడైనా తీస్తడు. భోజనాలు తీస్తే తెలుస్తది, పని వస్తదా రాదా" అనేది. నిజంగానే, విస్తరి ముందు కూర్చున్నవాళ్లను నోరు తెరవకుండా ఉన్నప్పుడు కెమెరాలో పట్టుకోవడం ఎంత కష్టమో ఆ గదిలో చూశాకే నాకు తెలిసింది.

ఒకరోజు ధైర్యం చేసి, ఇదే చదువుకోవాలని ఉందని చెప్పాను. ఆమె రెండు మిషన్లూ ఆపేసింది. పని వేళలో అవి ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"దీన్ని చదువుతరా?" అంది.

చదువుతారని ఇద్దరం కలిసి తెలుసుకున్నాం. కూతురి పెళ్లి క్యాసెట్ కోసం వచ్చిన ఒక లెక్చరర్‌ను ఆమె టీ ఇచ్చి కూర్చోబెట్టి అడిగితే, మన ఊళ్లోనే ఒక కాలేజీలో సినిమా, వీడియో తీయడం మీద కొత్తగా మూడేళ్ల కోర్సు పెట్టారని చెప్పాడు. వారం తిరక్కుండా ఆమె ఆ కాలేజీ వివరాల పుస్తకం సంపాదించింది. ఇంగ్లీషులో ఉన్న ఆ పుస్తకాన్ని నేను చదువుతుంటే, ఆమె నా డిగ్రీకి ప్లాన్ వేసింది.

ప్రతి పెళ్లికీ ముందు కెమెరామన్‌కు ఒక చీటీ రాసిచ్చేది. ముందు ఏది తీయాలి, తర్వాత ఏది, చివర ఒక గీత గీసి, తప్పిపోగూడనిది ఏది. నా చదువుకూ అదే లెక్కన, క్యాసెట్ లేబుళ్ల కాగితం వెనక, గుండ్రటి అక్షరాలతో రాసింది. మొదటి ఏడు కెమెరా, లైటు. రెండో ఏడు సౌండు, మిక్సింగ్. మూడో ఏడు సొంతంగా ఒక సినిమా. సెలవుల్లో తన దగ్గర ప్రాక్టీసు. గీత కింద, తప్పిపోగూడనిది అన్నచోట, ఒక్కటే మాట: నాన్న.

మా నాన్న కరెంటాఫీసులో క్లర్కు. చెడ్డవాడు కాదు, మొండివాడూ కాదు. కానీ గ్రూప్స్ పరీక్షలు మూడుసార్లు రాసి, రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయిన మనిషి. సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలతో నిండిన అశోక్‌నగర్ గదుల మధ్యే కిరాయికి ఉండి, ప్రతి ఆదివారం చిక్కడపల్లి లైబ్రరీకి పోయి పేపర్లు తిరగేసి, తను ఆగిన చోటు నుంచి నన్ను నడిపించాలని చూస్తున్నాడు. గ్రూప్స్ రాయాలంటే డిగ్రీ ఉండాలి. ఏ డిగ్రీ అన్నది ఆయనకు పట్టింపు లేదు.

వివరాల పుస్తకాన్ని ఆయన ఆఫీసు ఫైలు చదివినట్టు చదివాడు. మేమిద్దరం పదిసార్లు చూసి కూడా చూడని వాక్యం ఆయనకు చివరి పేజీ అడుగున దొరికింది. యూనివర్సిటీ గుర్తింపు కోసం దరఖాస్తు చేసుకున్నాం, త్వరలో వస్తుందని ఆశిస్తున్నాం, అని.

"కోర్సు అని రాసిండ్రు. డిగ్రీ అని యాడ రాసిండ్రు?" అన్నాడు.

గుర్తింపు రాకపోతే మూడేళ్లు చదివినా చేతికి డిగ్రీ రాదు. అప్లికేషన్ ఇవ్వడానికి సోమవారం ఆఖరు రోజు. అది గురువారం. నేను ఏడ్చుకుంటూ స్టూడియోకు పోతే, నా వెనకాలే నాన్న కూడా వచ్చాడు. అక్క లేచి కుర్చీ తుడిచి వేసింది. ఆయన కూర్చున్నాడు, గోడకు అంటించి ఉన్న నా డిగ్రీ ప్లాన్ చూశాడు, గీత కింద ఉన్న మాట దగ్గర కాసేపు ఆగాడు.

"అమ్మా, పిల్ల మోజు పడ్డది. నేను కాదంటలేను. అది డిగ్రీ అని ఎవరన్న పక్కాగ చెప్తే, ఇప్పుడే సంతకం పెడ్త."

"నేను యూనివర్సిటీ ఆఫీసుకు పోయి కనుక్కొస్త సార్" అంది అక్క.

శుక్రవారం రెండు పెళ్లిళ్ల క్యాసెట్లు ఇవ్వాల్సి ఉండి ఆమె కదలలేకపోయింది. శనివారం మధ్యాహ్నం, మేం అన్నాలు తిని లేచే వేళకు, మా గడప ముందు నిలబడి ఉంది. మా ఇంటికి రావడం అదే మొదటిసారి. విద్యానగర్ అవతల ఉన్న యూనివర్సిటీ నుంచి బస్సు దొరక్క ఎండలో నడిచి వచ్చిందట. ముఖమంతా చెమట. లోపలికి రమ్మంటే రాలేదు.

"కనుక్కున్న సార్. గుర్తింపు వచ్చినట్టే. డిగ్రీనే."

నాన్న ఆమెను తలెత్తి చూశాడు. "పక్కానా అమ్మా?"

"పక్కా సార్. నాదీ మాట."

నాన్న పెన్ను అడిగాడు. సంతకం పెట్టాడు. నేను అక్కకు మంచినీళ్లు ఇస్తే గడప బయటే నిలబడి తాగి, నవ్వి, వెళ్లిపోయింది. ఆ సంతోషంలో ఆ నవ్వు తర్వాత ఏముందో నేను చూడలేదు.

కాలేజీలో చేరాను. ఆ ఏడాదంతా అక్క కాస్త వింతగా ఉండేది. కలిసిన ప్రతిసారీ "యూనివర్సిటీ కాయితం ఏమన్న వచ్చిందా?" అని అడిగేది. రోడ్డు మీద దూరంగా మా నాన్న కనబడితే నా చెయ్యి పట్టుకుని పక్క గల్లీలోకి మళ్లేది. పని తొందరేమో అనుకునేదాన్ని. కాలేజీలో ఎప్పుడడిగినా గుర్తింపు వస్తుందనేవారు. తోటి పిల్లలు పరేషాన్ అవుతుంటే, "వచ్చేసింది, మా అక్క కనుక్కుంది" అని నేనే ధైర్యం చెప్పేదాన్ని.

పది నెలలకు పరీక్షల హాల్ టికెట్లు ఇచ్చారు. నా ఫోటో పక్కన యూనివర్సిటీ ముద్ర, పైన డిగ్రీ పరీక్ష అని. నేరుగా స్టూడియోకు తీసుకుపోయాను. ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, హాల్ టికెట్‌ను అంచులు పట్టుకుని టీవీ వెలుగులో చూసింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివి నవ్వింది.

నవ్వు ఆగాక నేను చూపు తిప్పుకోలేదు. తనే నేర్పిన పద్ధతి. ఆమె భుజాలు కిందికి దిగాయి, ఉన్నట్టుండి నేల మీద కూర్చుండిపోయింది.

"ఏమైందక్కా?"

"ఆ దినం ఆఫీసు బందున్నది చెల్లె. తాళం చూసి వచ్చిన. నేనెవర్నీ కనుక్కోలే."

నేనూ పక్కన కూర్చుని, అట్లా ఎందుకు చెప్పావని అడిగాను.

"సోమవారం ఆఫీసు తెరిచి, నేను కనుక్కొని వచ్చేసరికి అప్లికేషన్ టైం దాటిపోతే నీకు సీటు పోయె. తారీఖు దాటినంక నిజం దొరికితే ఏం చేస్కోను? ఈ పది నెల్లు అన్నం సయించలే నాకు. మీ నాన్న కనపడితే పాణం పోయినట్టుండె."

అప్పుడు లేచి, నేను ఆ గదిలో ఎన్నడూ చూడని పని చేసింది. నల్ల పరదా పక్కకు లాగి కిటికీ తెరిచింది. ఎండ పడి తెరల మీద ఎవరి పెళ్లో కనబడకుండా పోయింది. ఆమె కిటికీ వైపు ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపు అట్లాగే నిలబడింది. బుధవారం వాళ్లింటికి వెళ్లి చూసినప్పుడు నేను గుర్తుపట్టింది ఆ ముఖమే. కొడుకు తేటగా ఉందన్నది నిజం.

డిగ్రీ అయ్యాక నాన్న కోసం గ్రూప్స్ కూడా ఒకసారి రాశాను. మొదటి మెట్టులోనే పోయింది. ఆయన పెద్దగా బాధపడలేదు, నేనైతే అసలే పడలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎడిటింగ్ గదుల్లోనే బతికాను. అక్క అబద్ధం సంగతి మాత్రం నాన్నకు చెప్పలేదు. ఆమె పరువు పోతుందని నా భయం.

బుధవారం సాయంత్రం అక్క ఇంటి నుంచి తిరిగి వచ్చాక, ఇంకా దాచడం ఎందుకని చెప్పేశాను. నాన్నకు ఇప్పుడు ఎనభై దాటాయి. స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చుని ఉన్నాడు. అంతా విని, "నాకు తెల్సు" అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

"నేను ఆ దినం పట్టపగలు ఇంట్ల ఎందుకున్న? రెండో శనివారం. సర్కారు ఆఫీసులు ఏవీ తెరవవు. పాపం, పెండ్లిళ్ల పని చేసే మనిషి, ఆమెకు సెలవులేం తెలుసు."

"మరి సంతకం ఎందుకు పెట్టినవ్?"

"గడప కాడ ఆమె కాళ్లు చూసిన. పాదాల నిండ, చీర అంచు నిండ దుమ్ము. మన పిల్ల కోసం బయటామె ఎండల అంత దూరం నడిచి, నా ముందల అబద్ధం ఆడ్తున్నది. నేను తండ్రినై ఉండి సంతకం పెట్టకుంటే ఎట్ల?"

"ఆమెకు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండె నాన్నా."

"చెప్పిన. నీ హాల్ టికెట్ వచ్చిన వారమే స్టూడియోకు పోయి చెప్పిన. ఇద్దరం నవ్వుకున్నం. మంచి టీ తెప్పిచ్చింది" అని, ఆ రోజు గుర్తొచ్చి నవ్వాడు.

వాళ్లిద్దరి మధ్యా చెప్పకుండా మిగిలిపోయింది ఏదీ లేదని తెలిసి నా గుండె తేలికపడింది. కానీ నేను అక్కడి నుంచి లేవలేదు. నాన్న నవ్వు ఆగింది. ఒళ్లో ఉన్న తువ్వాలును మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు.