మా అత్త తలలో కంతి

మా మేనత్త పోయిందని మొన్న కంభం నుంచి మనిషి వచ్చి చెప్పినాడు. నేను వాకిట్లో కందులు విసురుతున్నా. చెయ్యి తిరగలి పిడి మీద అట్లనే నిలిచిపోయింది.

"దేంతో పోయింది?" అని అడిగినా.

"దేంతో ఏందమ్మా, పెద్దతనం. మధ్యాన్నం ఇంత సంగటి తిని పండుకుంది. పొద్దు వాలినాక లేపబోతే లేవల్యా," అన్నాడు.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు మాత్రం గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఎట్లాంటి చావు వస్తుందని మా అత్త సగం ఆయుష్షు భయపడుతూ బతికిందో, ఆ చావు ఆమెకు రాలేదు.

ఆమె మా నాయనకు అక్క. కంభం చెరువు కింద కొంచెం మాగాణి, ఎగువన మెట్టచేను ఉండేవి. మామ తొందరగా పోయినాడు. అప్పటి నుంచి సేద్యమంతా ఆమే చూసుకుంది. గింజలు చల్లే రోజున చేలో అందరికంటే ముందు ఉండేది, కోతలప్పుడు అందరికంటే వెనక ఇల్లు చేరేది. ఎద్దులతో మాట్లాడినంత నెమ్మదిగా మనుషులతో మాట్లాడేది కాదు.

అట్లాంటి మనిషి, నాకు తెలివి వచ్చిననాటి నుంచి, ఒకటే మాట అనేది: "నేనుండేది ఎన్నాళ్ళులే." కొత్త చీర కొనుక్కోమంటే అదే మాట. కారుతున్న ఇంటి కప్పు పెంకులు తిప్పించుకోమన్నా అదే మాట. వస్తువులు ఒక్కొక్కటే పంచిపెట్టేది. రాగి కాగు మా అమ్మకు ఇచ్చింది. కమ్మలు నా పెండ్లికి ఇచ్చింది. పాలిచ్చే బర్రెను తోడికోడలి ఇంటికి తోలించింది. ఊళ్ళో వాళ్ళు ఆమెది పెద్ద చెయ్యి అనుకున్నారు. నేనూ అట్లనే అనుకున్నా.

నేను కాపురానికి మార్కాపురం వచ్చిన కొత్తలో మమ్మల్ని చూసిపోదామని అత్త రైలెక్కి వచ్చింది. అప్పటికి ఆమెకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. తల దువ్వుకోలేకపోతోంది. తన తల ఎవరినీ ముట్టనిచ్చేది కాదు గానీ, ఆ రోజు గతిలేక నా ముందు కూర్చుంది. చమురు రాస్తుంటే నడినెత్తికి కొంచెం వెనక, వెంట్రుకల కింద, నిమ్మకాయంత గడ్డ నా వేళ్ళకు తగిలింది.

"అత్తా, ఇదేంది?"

ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఎవరితోనూ అనొద్దు. మీ జేజికి ఇట్లనే మొదలైంది."

మా జేజి, అంటే అత్త వాళ్ళమ్మ, రొమ్ము మీద రాచపుండు లేచి పోయింది. చివరిదాకా చేసింది మా అత్తే. ఆ వాసన, ఆ మూలుగు ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు మాత్రం నా వైపు చూడకుండా, గోడ వైపు చూస్తూ అంతా చెప్పింది.

"డాక్టరుకు చూపించినావా?"

"ఏమని చూపించేది? చూసి ఆ మాటే అంటాడు. తెలవకుండా బతకడమే మేలు."

"తెలవకుండా బతుకుతున్నావా అత్తా? మరి బర్రెను ఎందుకు తోలేసినావు?"

తెల్లారి నేను పొయ్యి రాజేసే సరికి అత్త తానే వాకిట్లో నిలబడి ఉంది. "పదమ్మే, పోదాం," అంది.

అప్పట్లో ఆసుపత్రిలో ఉన్న డాక్టరు అరవదేశం నుంచి బదిలీ మీద వచ్చినాయన. తెలుగు ఏరి ఏరి మాట్లాడేవాడు. గడ్డను రెండు వేళ్ళతో పట్టి అటూ ఇటూ కదిలించినాడు. మెడ కింద, చెవుల వెనక తడిమినాడు.

"ఎప్పటి నుంచి ఉంది?"

"ఈ పిల్ల పుట్టకముందు నుంచి నాయనా."

ఆయన నవ్వినాడు. "రాచపుండు అయితే ఇన్నేండ్లు మిమ్మల్ని ఊరికే వదులుతుందా అమ్మా? ఇది తోలు కింద సంచి. లోపల కొవ్వులాంటిది చేరింది. ప్రాణానికి భయం లేదు. తీయమంటే తీస్తా, వద్దంటే ఉండనీ."

"తియ్యి నాయనా. నేను కండ్లారా చూడాల," అంది అత్త.

ఆ చోట మట్టుకు వెంట్రుకలు గొరిగి, సూదిమందు వేసినారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నా. "నొప్పి లేదు గానీ లోపల తోలు ఒలుస్తున్న సప్పుడు ఇనపడుతోందమ్మే," అని గుసగుసలాడింది. సంచి చిట్లకుండా రావాలని, ఏ కొంచెం మిగిలినా మళ్ళీ పెరుగుతుందని డాక్టరు చెప్తూ నిదానంగా కోసినాడు. చివరికి అది పింగాణీ గిన్నెలోకి జారిపడింది. తెల్లగా, నున్నగా, తాటిముంజె లాగా ఉంది.

కుట్లు వేసినాక అత్త గిన్నె అడిగి తీసుకుంది. వేలితో ఒకసారి పొడిచి చూసింది.

"ఇంతేనా! నువ్వా నన్ను ఇంతకాలం ఏడిపించింది?"

అంతే, నా ఒళ్ళో తల పెట్టి భోరుమంది. డాక్టరు అటు తిరిగి చేతులు కడుక్కుంటూ ఉండిపోయినాడు.

కుట్లు విప్పించుకుని ఊరు చేరినాక ఆమె చేసిన మొదటి పని తోడికోడలి ఇంటికి పోవడం.

"ఇచ్చిన బర్రెను మళ్ళీ అడుగుతావా అక్కా?" అని ఆమె ముక్కున వేలేసుకుందంట.

"చస్తాననుకుని ఇచ్చినా. చావడం ల్యా. తోలకపోతే ఎట్ల?"

దూడను తోడికోడలికే వదిలేసి బర్రెను ఇంటికి తోలుకొచ్చింది. నా కమ్మల జోలికి మాత్రం రాలేదు. ఆ ఏడే ఇంటి కప్పు తిప్పించింది, పెరట్లో నిమ్మ మొక్క పెట్టింది. దాని కాయలతో పట్టిన ఊరగాయ మేము చానా ఏండ్లు తిన్నాం.

ఆ తర్వాత ఒంటి మీద కాయనో, గడ్డనో దాచుకున్నవాళ్ళు ఎవరు కనపడినా ఊరుకునేది కాదు. "చూడని పాము చాంతాడంత ఉంటది," అనేది. "అన్నీ నా దాని లాంటివే కావు. అందుకే చూపించుకోవాల," అని కూడా అనేది.

నల్లమల నుంచి తేనె, కుంకుడుకాయలు తెచ్చే చెంచు ఒకాయన ఉండేవాడు. కంటి రెప్ప మీద కాయ పెరిగి ఒక కన్ను మూసుకుపోయింది. కత్తి కంటి దగ్గరికి వస్తుందంటే ఒప్పుకోలేదు. "పులికి భయపడను గానీ దీనికి భయమే అక్కా," అన్నాడంట. అత్త అతన్ని వాదించి ఓడించలేదు. వచ్చినప్పుడల్లా గ్లాసుతో మజ్జిగ ఇచ్చి, పక్కన కూర్చుని, "నేనూ వస్తాలే," అనేది. చివరికి ఇద్దరూ రైలెక్కి మార్కాపురం వచ్చినారు.

కట్టు విప్పిన రోజు నేనూ అక్కడే ఉన్నా. ఆయన ఆసుపత్రి అరుగు మీద కూర్చుని రెప్పలు కొట్టినాడు. రోడ్డు మీద పోయే బండ్లను చూసినాడు, తన అరచేతులు చూసుకున్నాడు. ఆ తర్వాత మా అత్త వైపు తిరిగి, ఎగాదిగా చూసి అన్నాడు:

"ఏంది, ఇన్నాళ్ళూ నిన్ను అక్కా అని పిలిచినా. రెండు కండ్లతో చూస్తే నువ్వు అక్కవు కాదు, అవ్వవు గదా!"

మా అత్త పగలబడి నవ్వింది. ఆయనా నవ్వినాడు. స్టేషన్‌కు పోయే జట్కావాడు రైలుకు టైమైందని కేకలేస్తున్నాడు. వాళ్ళిద్దరూ అరుగు మీద నుంచి లేవలేక, ఒకరినొకరు చూసుకుని మళ్ళీ మళ్ళీ నవ్వుతూనే ఉన్నారు.