అమ్మవారికి మొక్కని మొక్కు

నిన్న మధ్యాహ్నం భోజనం ముగించి వరండాలో వక్కపొడి నములుతూ కూర్చున్నప్పుడు ఫోను టింగుమంది. బెంగళూరులో ఉంటున్న మా అక్క కూతురు ఏవో కాగితాలు పంపింది. అదీ దాని భర్తా విడిపోతున్నారు. కొట్లాటలూ పంచాయితీలూ ఏమీ లేకుండా, అద్దె ఇల్లు ఖాళీ చేసినంత నెమ్మదిగా విడిపోతున్నారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు, తెలిసి కడుపులో పెట్టుకునే ఉన్నాను. ఇప్పుడు పంపింది వాళ్ళ ఒప్పందం. పుటపుటకూ అంచుల్లో దాని లాయరు అడిగిన ప్రశ్నలు, వాటి కింద అతని లాయరు ఇచ్చిన జవాబులు. దానికొక లాయరు, అతనికొక లాయరు. ఒకరి గడప ఒకరు తొక్కకుండానే కాగితం అటూ ఇటూ తిరిగి తేటపడింది. చివర మా పిల్ల రెండు ముక్కలు రాసింది. "రేపు సంతకం చిన్నమ్మా. లాయరు అంతా సరిగ్గా ఉందన్నాడు. అయినా నువ్వొకసారి చదువు."

ఇద్దరు లాయర్లు చదివిన దాంట్లో నేను చదివేదేముంటుంది? అయినా కళ్ళజోడు పెట్టుకుని మొదటి పుట తెరిచానో లేదో, అక్క గుర్తుకొచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట, చిత్తూరులో మా ఇంటి నడవలో, ఇలాంటి కాగితాన్నే మా అక్క ముందు పెట్టారు. ఆ కాగితంలో తగువంతా ఈ పిల్ల గురించే.

నా ఈడు వాళ్ళకు విడమరిచి చెప్పనక్కర లేదు, ఆ రోజుల్లో ప్రతి బంధువర్గంలోనూ ఒక వకీలు ఉండేవాడు, ఆయన మొత్తం వంశానికంతా వకీలు. మాకు మా అమ్మ పెదనాన్న కొడుకు ఉండేవాడు, మామ అనేవాళ్ళం. వాకిట్లో ఆయన చెప్పులు విడిచే చప్పుడు వింటే చాలు, అమ్మ కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టేసేది. రాగి సంగటిలోకి వేరుశెనగల ఊరిబిండి నూరిన రోజు ఆయనకు కబురు పోకపోతే నాయనకు ముద్ద దిగేది కాదు. అక్కకు సంబంధం తెచ్చింది కూడా ఆయనే. బావ వాళ్ళు ఆయనకు భార్య వైపు చుట్టాలు, బంగారుపాళ్యం పక్కన మామిడి తోటలున్న కుటుంబం. ఆ కాపురం నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఇప్పుడు తవ్వను. బావ చెడ్డవాడు కాడు, తండ్రి ముందు నోరు పెగలని మనిషి, అంతే. అక్క నాలుగేళ్ళ పాపను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది, పెద్దలు రెండు మూడు సార్లు కూర్చుని లేచారు, ఇక అతకదని తేలిపోయింది. విడిపోయే ఒప్పందం ఇద్దరికీ కలిపి తానే రాసిపెడతానని మామ అన్నప్పుడు, పరాయివాళ్ళ నోళ్ళలో పడకుండా బయటపడ్డామని మేమంతా ఎంత తేలికపడ్డామో చెప్పలేను.

నేనప్పటికి బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్తగా చేరాను. రోజూ చిత్తూరు నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. సీజనులో ఇంటికి చేరేసరికి నా జడ కూడా తోతాపురి వాసన కొట్టేది, పాప నా మెడ పట్టుకుని వాసన చూసి నవ్వేది. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి మామ నడవలో కూర్చుని ఒప్పందం చదివి వినిపిస్తున్నాడు. ఆయన గొంతు కంచు గొంతు. 'ఉభయులూ', 'పూర్తి సమ్మతితో' అని ఆయన చదువుతుంటే పురాణం వింటున్నట్టు అందరూ తలలూపుతున్నారు. పాప బడిలో చేరే ఏడు నుంచి తండ్రి ఇంట్లోనే పెరగాలి అన్న చోట మాత్రం అక్క ఒక్కసారి తలెత్తింది.

"అది ఊరికే రాసిందిలేమ్మా," అన్నాడు మామ. "అబ్బోడి నాయన మనసుకు రొంత నెమ్మదిగా ఉంటాదని. ఎవురొచ్చి తీసకపోతారు?"

అక్క ఏదో అనబోయింది. "పెద్దాయన చెప్తా ఉండాడు గదా, గమ్మునుండు," అన్నాడు నాయన. శుక్రవారం రాహుకాలం రాకముందే సంతకాలని నిర్ణయం కూడా అయిపోయింది.

అప్పుడు అక్క అంది, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మా అక్క. "సంతకానికి ముందు తిరుచానూరు పోయి రావల్ల. అమ్మవారికి మొక్కుండాది."

మా వైపు ఈ మాటకు ఎదురు చెప్పగలిగిన మగవాడు ఇంకా పుట్టలేదు. నాయన గొణుగుడు ఆగిపోయింది. మామ అయితే మొక్కంటే తీర్చుకోవాల్సిందే అని, ఆడబిడ్డలు ఒంటిగా ఎందుకని, అత్తను, అంటే తన భార్యను, తోడు పంపిస్తానని చెప్పి కాఫీ తాగి వెళ్ళాడు. ఒప్పందం నకలు తీరిగ్గా చదువుకోమని అక్క చేతికే ఇచ్చి మరీ వెళ్ళాడు. అంత నమ్మకం ఆయనకు.

వంటింట్లోకి పోయి ఏం మొక్కే అని అడిగాను. అక్క పాపకు అన్నం కలుపుతూ తలెత్తకుండానే చెప్పింది. "ఏ మొక్కూ లే. మీ ఆఫీసులో పిల్ల వాళ్ళక్క తిరపతిలో లాయరని చెప్తివే, ఆయమ్మ కాడికి పోవల్ల."

నేను వంటింటి తలుపు దగ్గరికి వేశాను. చిత్తూరులో వకీళ్ళకు కొదవ లేదు, కానీ వాళ్ళంతా మధ్యాహ్నం కోర్టు పక్కన ఒకే హోటల్లో మామతో కలిసి కాఫీ తాగేవాళ్ళు. ఎవరి దగ్గరికి పోయినా సాయంత్రానికల్లా ఆయనకు తెలిసిపోతుంది. ఇన్నేళ్ళుగా మన ఇంటి మనిషిగా తిరిగినవాణ్ణి కాదని ఇంకొకరికి చూపించామంటే ఆయన మొహం ఎట్లా చూడడం? నాయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? తప్పు మాదే అన్నట్టు నేను భయపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. చీర కొనేటప్పుడు నాలుగు కొట్లు తిరిగే మనుషులం, బిడ్డ సంగతికి రెండో మనిషిని అడగడం దొంగతనమనుకున్నాం.

గురువారం పొద్దున్నే బస్సెక్కాం. కాగితాన్ని అక్క పాప గౌన్ల మధ్య మడిచి సంచిలో పెట్టింది. అత్త పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, ఆ సంచి కూడా ఆవిడ కాళ్ళ దగ్గరే ఉండిపోయింది. చంద్రగిరి దాటి కొండలు కనిపించేసరికి పాప బిస్కట్టు కోసం ఏడుపు మొదలుపెట్టింది. నేను అందుకునేలోపే అత్త సంచిలో చెయ్యి పెట్టేసింది. గౌన్లు పక్కకు జరిపింది. ఆ చెయ్యి ఒక క్షణం ఆగిన మాట నాకు బాగా గుర్తు. తర్వాత బిస్కట్లు తీసి పాపకిచ్చి, గౌన్లు మళ్ళీ ఉన్నవి ఉన్నట్టు సర్ది, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తిరుపతి వచ్చేదాకా మేమిద్దరం ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

తిరుచానూరులో గుడి ముందు పూలమ్మేవాళ్ళ వరసలో నిలబడి, ఇక్కడే ఊళ్ళో స్నేహితురాలి ఇంటికి పోయి వస్తామని నేను తడబడుతూ అబద్ధం అందుకున్నాను. అత్త చెయ్యెత్తి ఆపేసింది.

"పోయి రాండి. యాడికని నేనడగను, మీరు చెప్పొద్దు. అడిగితే ఆయనకు చెప్పాల్సొస్తాది. పాపను నేను సూసుకుంటా."

ఆ మాటకు ధైర్యం రావలసింది పోయి నాకు ఇంకా భయమేసింది. పాపను బావ వాళ్ళ చుట్టం చేతుల్లోనే వదిలి, పాపను దక్కించుకునే దారి అడగడానికి పోతున్నామని ఆటోలో కూర్చున్నాక తోచింది. అక్క దారి పొడవునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

లాయరమ్మ మా ఈడుదే. ఇంటి ముందు గదిలోనే బల్ల వేసుకుని కూర్చునేది, బయట ఇంకా బోర్డు కూడా లేదు. ఆవిడ చేసిన పని చూడడానికి చాలా చిన్నది. కాగితం అక్క చేతికే ఇచ్చి ఒక్కొక్క వాక్యమే చదవమని, చదివిన దానికి ఏం అర్థమైందో సొంత మాటల్లో చెప్పమంది. అక్క అన్నీ చెప్పింది. నగలు, సామాన్లు, మనోవర్తి వద్దనుకోవడం అన్నిటికీ వాళ్ళది నాకేమీ వద్దని రోషంగా జవాబిచ్చింది. ఇప్పుడు రోషం మీద వద్దన్నది రేపు బిడ్డ చదువుకు అవసరమవుతుంది, ఆలోచించుకో అని మాత్రం లాయరమ్మ అంది. పాప సంగతి దగ్గరికి వచ్చేసరికి అక్క, అది ఊరికే రాసింది అంది.

ఎవరు చెప్పారని ఆవిడ అడిగింది. మామ చెప్పాడంది అక్క. ఆయన ఎవరి వకీలని మళ్ళీ అడిగింది. ఇద్దరికీ అంది అక్క, అంటూనే ఎందుకో నా వైపు చూసింది.

లాయరమ్మ పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టింది. నీ సంతకం ఉన్న కాగితాన్ని రేపు వాళ్ళు కోర్టులో చూపిస్తే, జడ్జి బిడ్డ మంచే చూస్తాడు గానీ, నువ్వు ఒప్పుకుని మరీ సంతకం పెట్టావని వాళ్ళు అంటారు, అది కాదని చెప్పుకోవడానికి నువ్వు ఏళ్ళ తరబడి తిరగాలి అని నెమ్మదిగా చెప్పింది. సంతకం పెట్టమనీ చెప్పను, పెట్టొద్దనీ చెప్పను, అందులో ఏముందో నీకు తెలియాలి అంతే అంది. మేము లేచి గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి పిలిచి ఇంకొక్క మాట అంది.

"ఊరికే రాసిందే అయితే, ఊరికే కొట్టేయమని అడగమ్మా."

మేము తిరిగి వచ్చేసరికి అత్త దర్శనం చేయించుకుని, పాప నుదుట అమ్మవారి కుంకుమ పెట్టి, మా ఇద్దరి కోసం కనకాంబరాలు కొనుక్కుని కూర్చుని ఉంది. మొక్కు తీరిందా అని మాత్రం అడిగింది. తీరింది అంది అక్క, పాపను గుండెకు హత్తుకుని.

శుక్రవారం పొద్దున నడవ నిండా జనం. బావ, బావ వాళ్ళ నాయన, వాళ్ళ వైపు పెద్దలు, మా వైపు పెద్దలు, మధ్యలో మామ. నాయన గడియారం చూస్తున్నాడు, రాహుకాలం వచ్చేస్తుందని. మామ పెన్ను చేతికిచ్చాడు. అక్క తీసుకుంది. నేను తలుపు పక్కన నిలబడి, అనేయవే, అనేయవే అని లోపల కొట్టుకుంటున్నాను.

"మామా, పాపను గురించి రాసింది ఊరికేనంటివి గదా," అంది అక్క. "ఊరికేదైతే, ఊరికే కొట్టేయండి."

మామ నవ్వబోయాడు. అంతలో బావ వాళ్ళ నాయన కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"అదెట్లా కొట్టేస్తాం? ఆ ఒక్కదాని కోసమే గదప్పా మేము ఇంతదూరం వచ్చింది! బిడ్డ బడికి పోయే నాటికి మా ఇంట్లో ఉండల్ల!"

మామ మొహం ఆ పూట ఎట్లా అయిందో నేను ఈ రోజుకూ మరవలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుస్తూ, తుడుస్తూ అన్నాడు. "నాకు ఊరికేనని చెప్తివే అబ్బా."

ఆయన మోసం చేయలేదు. ఆయననూ నమ్మించారు. రెండు వైపులా మనవాళ్ళే అనుకున్న మనిషి, ఏ వైపు నుంచీ అడగవలసిన ప్రశ్న అడగలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, ఈ కాగితం ఇక తాను రాయలేనని, మీకొకరు వాళ్ళకొకరు వకీళ్ళను పెట్టుకోమని చెప్పి, కాఫీ ముట్టకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరు వకీళ్ళతో ఆ ఒప్పందం తెమలడానికి చాలా కాలం పట్టింది. పాప అక్క దగ్గరే ఉండేటట్టు, బావ ఆదివారాలు వచ్చి చూసేటట్టు, చదువు ఖర్చు ఆయన భరించేటట్టు రాసుకున్నారు. మామ మళ్ళీ మా ఇంటికి వచ్చాడు గానీ, అడపాదడపా వచ్చాడు, చుట్టంలాగా వచ్చాడు. ఊరిబిండి చేసిన రోజున అమ్మ వీధి తలుపు వైపు చూసి ఊరుకునేది. అది మా ఇంటికి తీరని లోటే, కాదనను.

అక్క మటుకు ఏటా పాపను తీసుకుని తిరుచానూరు వెళ్ళేది. మొక్కని మొక్కే అయినా అమ్మవారి పేరు వాడుకున్నాను, తీర్చాల్సిందే అనేది. కళ్ళు మూసే ముందు సంవత్సరం కూడా వెళ్ళింది. ఎందుకు వెళ్ళేదో ఈ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న కాగితాలన్నీ చదివాను. నాకు తెలిసినంతలో తప్పేమీ లేదు. వాళ్ళ లాయర్లు అడగవలసినవన్నీ అడిగారు, మేము తిరుపతి దాకా దొంగచాటుగా పోయి తెచ్చుకున్నది వీళ్ళకు ఇంట్లో కూర్చుని దొరికింది, ఎవరి మొహమూ మాడలేదు. మంచిదే. నిజంగా మంచిదే. కానీ ఫోను పక్కన పెట్టాక నాకు మా నడవ గుర్తుకొచ్చింది. ఆ రోజు అక్క చుట్టూ అంతమంది మనుషులం, దాని తరఫున ఒక్క వకీలు లేడు. ఇప్పుడు దాని కూతురికి మంచి వకీలు ఉన్నాడు, పక్కన కూర్చునే మనిషే లేడు. అందుకే కదా, అంతా సరిగ్గా ఉందని రాసి కూడా, నువ్వొకసారి చదువు అంది.

ఫోను చేశాను. రేపు పెట్టొద్దు, ఎల్లుండి పెడతానని మీ లాయరుకు చెప్పమన్నాను. కాగితంలో ఏమన్నా తేడా ఉందా అని కంగారుగా అడిగింది. ఏమీ లేదన్నాను.

"మరి ఏమని చెప్పేది చిన్నమ్మా?"

"అమ్మవారికి మొక్కుండాదని చెప్పు."

నవ్వింది. నవ్వు ఆగిపోయాక అవతల ముక్కు ఎగబీల్చుకోవడం వినబడింది. ఏం మొక్కు అని అడిగింది. వచ్చి చెప్తానన్నాను. సంచి సర్దుకుని, తిరుచానూరు కుంకుమ పొట్లం ఈసారి గౌన్లు లేవు గదా అనుకుంటూ చీరల మధ్య పెట్టి, అర్ధరాత్రి దాటాక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. పొద్దున మొదటి బస్సుకు బెంగళూరు పోతున్నాను.