ఆదివారం తలనొప్పి

పందొమ్మిది వందల ముప్పైలలో మాట. పెళ్ళయి భీమడోలు దగ్గరి పల్లెకి కాపరానికి వచ్చిన ఏడాది, నాకు ప్రతి ఆదివారం తలనొప్పి వచ్చేది. మిగతా రోజుల్లో ఊడ్పులకి వెళ్ళినా, వడ్లు దంచినా ఏమీ ఉండేది కాదు. గుడిలో ఆరాధన సగానికి వచ్చేసరికి మాత్రం నుదుట్లో, కుడి కన్ను వెనక పోటు మొదలయ్యేది. ఎందుకో నాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు.

మా మామగారు ఆ ఊరి క్రైస్తవ సంఘానికి ఉపదేశి, గుడిలో ఆరాధన నడిపించేది ఆయనే. హార్మోనియం వచ్చని ఏరి తెచ్చుకున్న కోడల్ని నేను. ఆ కోడలికి కీర్తన ఎత్తుకుంటే తలపోటు. నా విశ్వాసంలోనే లోపముందని మా అత్తగారు తేల్చేశారు. నెత్తిమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేవారు. దేవుడి మీద నాకు కోపమేమీ లేదు, ఆయనకే నా మీద ఉందేమోనని భయం పట్టుకుంది. పైగా ఇలాగే ఉంటే క్రిస్మస్ నుంచి హార్మోనియం పెట్టె ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఆ మాటతో నాకు అన్నం సహించలేదు. ఆ ఊళ్ళో నాదనుకున్నది ఆ పెట్టె ఒక్కటే.

చివరికి అత్తగారే నన్ను రైల్లో ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కళ్ళజోడు రాస్తారనుకున్నాం. నర్సమ్మగారు కళ్ళు చూసి, బాగానే ఉన్నాయని, మెడ వెనక పుర్రె కింద బొటనవేలితో నొక్కారు. నొక్కింది వెనక, పోటు వచ్చింది నుదుట్లో. నాకు మతి పోయింది.

"వాయించేటప్పుడు ఎటు చూస్తావమ్మా?" అని అడిగారావిడ.

ఉన్నది చెప్పాను. మగవాళ్ళకి ఎదురుగా కూర్చోకూడదని అత్తగారు పెట్టెని ఆడవాళ్ళ వైపు తిప్పించారు. మామగారు నిలబడేదేమో మగవాళ్ళ వైపు. ఆయన సైగ కోసం ఆరాధనంతా నేను మెడ మెలితిప్పి చూస్తూ వాయించాలి. నర్సమ్మగారు వేడినీళ్ళ కాపడం, మర్దనా, మెడని మెల్లగా తిప్పే వ్యాయామం చెప్పారు. కొన్ని వారాలు పడుతుందన్నారు. ముందు ఆ పెట్టె తిప్పమన్నారు.

మరుసటి ఆదివారం నేను వెళ్ళేసరికి పెట్టె మామగారి వైపు తిరిగి ఉంది. మగవాళ్ళకీ నాకూ మధ్య చాప పరుచుకుని అత్తగారు అడ్డంగా కూర్చున్నారు. అయినా ఆ రోజూ తలనొప్పి వచ్చింది. ఇదేం న్యాయమో నాకు తెలియలేదు.

"ఏమ్మా, ఇవాళేమన్నా తగ్గిందా?" అన్నారు ఇంటికొచ్చాక.

"లేదండి, అత్తయ్యగారూ."

ఆవిడ చెయ్యెత్తారు. అలవాటుగా తల వంచాను. చెయ్యి నెత్తిమీద ఆగలేదు. మెడ వెనక్కి వెళ్ళి, నర్సమ్మగారు చూపించిన చోట నొక్కడం మొదలెట్టింది. పైన గొణుగుతున్న ప్రార్థన మాత్రం ఆగలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆ క్రిస్మస్‌కి పెట్టె నేనే వాయించాను. తగ్గింది దేనివల్లనో ఆవిడని అడిగే ధైర్యం మాత్రం నాకెన్నడూ లేకపోయింది.