అమ్మ ఇసకనేలలో నా పెళ్లి

ఆ రోజుల్లో పెళ్లికూతుర్ని అడిగి చేసే పని ఒక్కటే ఉండేది, చీర అంచు ఏ రంగు కావాలని. అదైనా అడిగి, చెప్పింది శ్రద్ధగా విని, చివరికి తమకు నచ్చిందే తెచ్చేవాళ్లు. పెళ్లి ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దవాళ్ల వ్యవహారాలు. అట్లాంటి కాలంలో, అరవైలు అప్పుడే మొదలైన ఆ ఏడు, నేను నా పెళ్లి ఎక్కడ జరగాలో నా నోటితో నేనే చెప్పాను. చెప్పి ఊరుకోక అన్నం మానేశాను. (దోసెలు తిన్నాను. దోసె అన్నం కాదు కదా.)

మాది కొడవలూరు పక్కన పల్లె. ఎటు చూసినా వరిమళ్లు. కానీ మైపాడు దగ్గర, సముద్రపు ఒడ్డున, మా అమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన కాస్త నేల ఉండేది. నేలంటే ఏముంది, ఇసకే. నాలుగు జీడిమామిడి చెట్లు, ఒక సరుగుడు తోపు, మధ్యలో దొరువు. దొరువంటే ఇసకలో తవ్విన గుంట. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా అందులో మాత్రం తియ్యటి నీళ్లు ఊరేవి. గింజ పండని ఆ నేలకు మా అవ్వ, అంటే నాయన తల్లి, ఉప్పుదిబ్బ అని పేరు పెట్టింది. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే చాలు, "మీ ఉప్పుదిబ్బ నించి తెచ్చినావా ఏంది" అనేది. అమ్మ మారు మాట్లాడేది కాదు. ఎండాకాలంలో మాత్రం నన్ను బండిలో వెంటబెట్టుకుని అక్కడికి పోయేది. తోపులో అడుగు పెట్టగానే మా అమ్మ వేరే మనిషి. కొంగు దోపుకుని, కాళ్లు బారజాపుకుని, జీడిగింజలు కాలుస్తూ చిన్నప్పటి పాటలేవో పాడుకునేది. సరుగుడు ఆకుల్లో గాలి చేసే చప్పుడూ అవతల సముద్రం చప్పుడూ కలిసిపోయి, ఏది ఏదో తెలియక, నేను ఆమె ఒళ్లో నిద్రపోయేదాన్ని.

కనుక నా పెళ్లి అక్కడే అని నేనెప్పుడో తీర్మానించుకున్నాను. మద్రాసు నుంచి వచ్చే వారపత్రికల్లో సీరియల్ కథలన్నీ మింగేసిన తలకాయ నాది. ఎర్రటి సూర్యుడు నీళ్లలోంచి పైకి వస్తుంటాడు, సరిగ్గా అప్పుడే తాళి పడుతుంది, దూరంగా పడవలు తెరచాపలు ఎత్తుకుని పోతుంటాయి, గాలికి నా చీర కొంగు ఎగురుతుంటుంది. ఆ కలలో పెళ్లికొడుకు కూడా ఉండేవాడు గానీ, అతని ముఖం ఎట్లా ఉండాలో నేను పెద్దగా పట్టించుకోలేదు. అయితే కలల కింద అసలు సంగతి ఇంకొకటుంది. నలుగురూ వచ్చి, కూర్చుని, తిని, బాగుందని పోతే, ఉప్పుదిబ్బ అనే మాట మా అవ్వ నోట్లో చచ్చిపోవాలి. అదే పెళ్లి రసాభాస అయిందంటే ఆ మాట మా అమ్మ బతికినన్నాళ్లూ వినాలి.

నాయన "పిల్ల ముచ్చటపడింది గదా" అని ఒప్పుకున్నాడు. మగపెళ్లివాళ్లది బాగా పడమటి పల్లె. వాళ్లకు కబురు పంపిస్తే "మీ ఇష్టం" అన్నారట. ఆ ఇష్టంలో వాళ్ల ఇష్టం లేదని అందరికీ అర్థమైంది.

ఏర్పాట్లన్నీ నెత్తిన వేసుకున్నది మా మేనమామ. నెల్లూరు టౌన్లో సైకిల్ షాపు పెట్టుకున్న మనిషి, అక్క నేల అంటే ప్రాణం. ఆయన్ని మేం ఏర్పాట్ల మామ అనేవాళ్లం, ఎందుకంటే ఆయన చేసిన ఏర్పాటును సరిచేయడానికి ఎప్పుడూ మరో ఏర్పాటు కావాల్సి వచ్చేది. ముందురోజు మధ్యాహ్నం మగపెళ్లివాళ్ల బండ్లు ఇసకలో కూరుకుపోతూ, దుమ్మూ చెమటా పట్టిన జనాన్ని మోసుకుని దిగినాయి. అందరూ ఒకేసారి స్నానాలకు పడేసరికి దొరువు అడుగంటింది. ఏర్పాట్ల మామ "రేపు పొద్దున నీళ్లు చాలకపోతే మా అక్క పరువేం కావాల?" అని మనుషుల్ని దించి గుంటను ఇంకా లోతు తవ్వించాడు. అమ్మ పరుగున వచ్చి, "లోతు తవ్వబాకరా, ఒద్దు" అన్నది. ఆ హడావుడిలో ఎవరూ వినలేదు. నీళ్లు బుడబుడమని ఉబికి వచ్చినాయి. మామ మొలలోతు నీళ్లలో నిలబడి, గంగను దించిన భగీరథుడి మాదిరి అందరి వంకా చూశాడు.

తెల్లవారుజామున తాటాకుల తడికెల వెనక నాకు మంగళస్నానం చేయిస్తున్నారు. ఒంటి నిండా నలుగు, కళ్లల్లో కుంకుడు రసం. బయట ఇంకా మసక చీకటి, పెట్రోమాక్స్ లైట్లు సుయ్యిమంటున్నాయి, తూర్పున ఆకాశం అప్పుడే తెల్లబడుతోంది. అంతా నేను కలగన్నట్టే ఉందని మురిసిపోతున్నాను. అంతలో నా నోట్లోకి పోయిన నీళ్లు ఉప్పగా తగిలినాయి. ఆనందబాష్పాలు కాబోలు అనుకున్నాను. (సీరియళ్ల మహిమ.) అప్పుడే బయట ఎవరో కాఫీ థూ అని ఉమ్మేసిన చప్పుడు వినిపించింది.

తడిక సందులోంచి చూశాను. నాకు కాబోయే మామగారు గలాసు దూరంగా పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఏందయ్యా ఇది, కాఫీనా సముద్రమా?" అన్నారు. వంటస్వామి తను చక్కెరే వేశానని ప్రమాణాలు చేస్తున్నాడు. ఏర్పాట్ల మామ పరుగెత్తుకుపోయి దొరువు నీళ్లు దోసిట్లో తాగి, అక్కడే చతికిలబడ్డాడు. లోతుకు తవ్విన గుంటలోకి రాత్రికి రాత్రే సముద్రం ఊరింది. మామగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "తాగేదానికి నీళ్లు లేనిచోట పెళ్లేంది. బండ్లు కట్టండి. నెల్లూరు పోయి సత్రంలో చేసుకుందాం" అన్నారు. మా అవ్వ ఎవరికీ వినపడనట్టు అందరికీ వినపడేలా, "నేను మొత్తుకుంటానే ఉండా, ఉప్పుదిబ్బ అని" అన్నది. అమ్మ కాఫీ గలాసుల పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ పళ్లెం వణకడం నాకు కనిపించింది. నా ముచ్చట మీద, నా సీరియళ్ల మీద, ఆ సూర్యుడి మీద కూడా నాకు పట్టరాని అసహ్యం పుట్టింది.

అప్పుడు నా కాబోయే అత్తగారు కదిలారు. పిల్లను చూసుకునేందుకు వచ్చిన రోజు నవ్వని మనిషి, మాట్లాడని మనిషి. ఆమెను తలుచుకుంటేనే నాకు జ్వరం వచ్చేది. ఆమె తన గలాసు చివరి చుక్కదాకా తాగి, ఖాళీ గలాసు పళ్లెంలో పెట్టి, "ఇంకో గలాసు ఉంటే ఇయ్యి వదినా" అన్నారు.

ఆమె పుట్టిల్లు కోట ఊరికి అవతల సముద్రపు ఒడ్డున పల్లె అని మాకెవరికీ గుర్తు లేదు. "మా ఊళ్లో నీళ్లు ఇంతే. కాఫీ ఇట్లనే ఉంటది. మా అమ్మ పెట్టిన కాఫీ తాగి ఎన్నేండ్లాయెనో, వీళ్ల పడమటి నీళ్లు నా నాలిక్కు ఇప్పటికీ చప్పనే" అన్నారు. మామగారు ఏదో అనబోయారు. "మీరు గమ్మునుండండి. చప్పటి నీళ్లు కావాలంటే బండ్లు ఊళ్లోకి తోలి తెచ్చుకోండి. పెళ్లి ఈడనే" అన్నారు. అని, రెండో గలాసు అందుకుంటూ, సరుగుడు తోపు వంక ఒకసారి చూసి, "ఈ నేల ఎవరిదమ్మా?" అని అడిగారు.

అవ్వ నోరు తెరిచింది. కానీ అంతకు ముందే నాయన అన్నాడు. "మా ఆడమనిషిది. మాది కాదు, ఆమెదే."

మా నాయన నోట అట్లాంటి మాట నేనెన్నడూ వినలేదు. అమ్మ పెంచిన బర్రె మా బర్రె, అమ్మ పెట్టిన పచ్చడి మా ఇంటి పచ్చడి, అమ్మ కన్న నేను ఆయన కూతుర్ని. అమ్మ తలెత్తి ఆయన వంక చూసింది. పళ్లెం వణకడం ఆగింది. తెల్లారుతున్న ఆ వెలుగులో మా అమ్మ ఎంత చిన్న వయసుదానిలా, ఎంత అందంగా కనిపించిందో చెప్పలేను. నాకు ఏడుపొచ్చింది, అది నిజంగానే ఏడుపు.

బండ్లు ఊళ్లోకి పోయి పీపాలతో నీళ్లు తెచ్చినాయి. పెళ్లి అనుకున్నట్టే సూర్యుడు పైకొచ్చే వేళకు జరిగింది. నేను మాత్రం నా సూర్యోదయం చూడలేదు. ఎదురుగా అడ్డుతెర, పైన బాసికం, "తల వంచుకోవే" అని చెవిలో ఒక అత్తయ్య. నాకు కనిపించిందల్లా నా కాలివేళ్లూ, వాటి మధ్య ఇసకా. అత్తగారింటికి పోయే బండిలో ముఖం మాడ్చుకుని కూర్చుంటే, మా ఆయన మొట్టమొదటి మాటగా ఏమైందని అడిగారు. సూర్యుణ్ణి చూడలేదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "నేను చూశాలే. ఎర్రగా, గుండ్రంగా ఉన్నాడు" అన్నారు. దాంతో నాకు ఇంకా కోపం వచ్చి, వాళ్ల ఊరు చేరేదాకా మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ బండిలో మూతి ముడుచుకున్న పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. తడిక సందులోంచి మా అమ్మ ముఖం అట్లా చూసిన తర్వాత కూడా దానికి ఇంకా సూర్యుడు కావాల్సొచ్చాడు. చిన్న వయసు మరి.