సంచుల వరుస

మార్కాపురంలో మేం కొందరం కలిసి బియ్యం పంచిన ఆ ఏడాదిలో జనం నన్ను కొరికారు, గీరారు, బూతులు తిట్టారు. నేనేం తక్కువ తినలేదు. టీచరమ్మగా రిటైరయ్యాను గానీ బెత్తం చెయ్యి నాతోనే వచ్చింది. మూతబడ్డ రాతిపలకల కార్ఖానా షెడ్డు ఒకటి అద్దె లేకుండా దొరికితే, దుకాణాలవాళ్లు ఇచ్చిన బియ్యం, పప్పు, ఉల్లిగడ్డలు అక్కడ చేర్చి శనివారం శనివారం పంచేవాళ్లం. ఫుడ్ బ్యాంకు అని బోర్డు రాయించాం. జనం దాన్ని బియ్యం షెడ్డు అన్నారు.

పుణ్యం చేసుకుంటున్నామని మాలో మిగతావాళ్లు మురిసిపోయేవారు. నాకు శుక్రవారం నుంచే ఒళ్లు మండేది. వానల్లేవు, బోర్లు ఎండాయి, వారం వారం జనం పెరిగారు. రెండు బస్తాలు తగ్గితే చాలు, కొట్టుకోవడమే. ఒకసారి ఇద్దరు తోడికోడళ్లు కందిపప్పు పొట్లం కోసం జుట్లు పట్టుకుని ఈడ్చుకున్నారు. పొట్లం చినిగి పప్పు మట్టిపాలైతే, ఇద్దరూ అక్కడే కూలబడి ఏరుకున్నారు. ఇంకో వారం ఒక గొర్రెలకాపరి తన కర్రతో పక్కవాడి మోకాలు పగలగొట్టాడు. మళ్లీ వరుసలో దూరాడని నేనూ ఒకడి చెంప వాయించాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకు నోరూ మంచిది కాదు, చెయ్యీ మంచిది కాదు.

ఇంత కొట్లాటలోనూ ఒక్క కట్టుబాటు మాత్రం ఎవరూ తప్పలేదు. మా ఎండకు మనిషి వరుసలో నిలబడలేడు, అందుకని సంచిని నిలబెడతాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఖాళీ సంచి నేలమీద పరిచి, గాలికి పోకుండా దానిమీద పలక ముక్క బరువు పెట్టి, పోయి గోడ నీడన కూర్చునేవారు. మా షెడ్డు చుట్టూ విరిగిన పలకలకేం కొదవ! సంచి ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని కదిపినవాడు లేడు.

తర్లుపాడు వైపు నుంచి ఒకామె వచ్చేది. మిరపకోతల కూలీ, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఒక శనివారం ఆమె వంతు వచ్చేసరికి బియ్యం అయిపోయాయి.

"అక్కా, పిల్లోళ్లకు ఏం పెట్టాల?" అంది.

"తీరుబడిగా వస్తే ఇట్లనే ఉంటాది. వచ్చే వారం అందరికంటే ముందు రా. అప్పుడు గూడా నీకు లేకపోతే నన్నడుగు" అన్నాను.

వచ్చింది. బస్సు కోసం కూడా ఆగకుండా పాల ఆటో ఎక్కి తెల్లారేసరికి వచ్చి, తన యూరియా సంచి అందరికంటే ముందు పరిచింది.

తొమ్మిదింటికి బియ్యం ఆటో వచ్చింది. సంచుల వరుస దానికి అడ్డం. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. సంచులు తీయండయ్యా అని అరిస్తే నీడ వదిలి ఎవడొస్తాడు? నేనే వంగి, మొదటి సంచి నుంచి చివరిదాకా ఒకదానిమీద ఒకటి చేతిలో వేసుకుంటూ పోయాను. ఆటో లోపలికి పోయాక, పైనున్న సంచితో మొదలుపెట్టి మళ్లీ పరిచాను. అంటే చివర ఉన్నది ముందుకొచ్చింది, ముందున్నది చివరికి పోయింది. ఆ ధ్యాసే లేదు నాకు. ఆమె అప్పుడు బోరింగు దగ్గర నీళ్లు తాగుతోంది.

తిరిగొచ్చి చూసి, "అక్కా, నా సంచి ముందుండె" అంది.

"నోర్మూసుకుని నీ సంచి కాడ నిలబడు" అన్నాను.

ఆ రోజు బియ్యం ఒక్కరికి తక్కువపడ్డాయి. ఆ ఒక్కరూ ఆమే.

"ముందు పెట్టినానక్కా! నువ్వే గదా రమ్మన్యావు!"

"ముందొచ్చినదానివి వెనక ఎందుకుండావే? అబద్ధాలాడేదానికి సిగ్గులేదా?" అంటూ సంచి లాక్కుని అవతలకు విసిరాను. భుజం పట్టి నెట్టాను. వెల్లకిలా పడింది. లేస్తూనే పలక ముక్క అందుకుని నా నుదుటిమీద ఒక్కటిచ్చింది.

రక్తం కంట్లోకి కారింది. బియ్యం అందుకున్న మగవాళ్లు మూటలు దించి మరీ ఆమె మీద పడ్డారు. "అన్నం పెట్టే తల్లిని కొడతావే?" అంటూ ఒకడు జుట్టు పట్టి ఈడ్చాడు, ఇంకొకడు డొక్కలో తన్నాడు. పెదవి చీలింది. అయినా ఆమె కిక్కురుమనలేదు. నేను ఆపలేదు. దాచడమెందుకు, చూస్తుంటే నాకు హాయిగా ఉంది.

పోలీసులు ఆమెను తీసుకుపోయారు. గవర్నమెంటు ఆసుపత్రిలో నాకు కుట్లు వేశాక, వరుసలోంచి తోడొచ్చిన ఒక ముసలమ్మ నసిగింది. ఆ రోజు అందరికంటే ముందు బియ్యం అందుకున్నది ఈ ముసలమ్మే.

"ఆ పిల్ల సంచే ముందుండె తల్లీ. నాది ఆఖర్న. నువ్వే తిరగేసి పరిచినావు."

"చూసి గూడా చెప్పలేదేంది?"

"చెప్తే నాకు రావు గదమ్మా. నా ఇంట్లో మాత్రం ఏముండాది?"

కట్టు కట్టించుకుని నేరుగా స్టేషన్‌కు పోయాను. ఆమె గోడవార నేలమీద కూర్చుని ఉంది. ఎస్సై కాగితం నా ముందుకు జరిపి ఫిర్యాదు రాయమన్నాడు. కేసైతే లోపల వేస్తారు. పిల్లలేం కావాలి?

"ఎవరూ కొట్టలేదు సార్. పలకల మీద జారి పడినా" అన్నాను. ఎంత పెద్ద మనసో నాది అన్నట్టు ఆమె వైపు చూశాను కూడా.

ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"పడలేదు సార్. నేనే కొట్టినా, రాసుకోండి. ఎందుకు కొట్టినానో అది గూడా రాయండి. నేను అబద్ధాలదాన్ని కాదు."

ఎస్సై నా మొహంలోకి చూశాడు. క్షమించడం నాకు సుళువుగానే వచ్చింది. ఈ మాట నోట రావడానికి మాత్రం ప్రాణం పోయినంత పనైంది.

"ఆమె సంచే ముందుండె సార్. నేనే ఆఖర్న ఏసినా. అబద్ధాలదానివని తిట్టింది నేనే, ముందు చెయ్యి చేసుకునింది గూడా నేనే."

అంతమంది తన్నినా కన్నీటిచుక్క రాల్చని మనిషి, అప్పుడు భోరుమని ఏడ్చింది.