సీసం కంబళి

నల్లమ్మకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధయ్యేది కాదు. గొర్రెల బేరగాళ్ళతో వేగి వేగి ఆ గుణం అబ్బిందని బత్తలపల్లె దగ్గర వాళ్ళ ఊళ్ళో అనేవారు. సూది వేయడానికొచ్చిన డాక్టరును ముందు నువ్వు పొడుచుకో అన్న మనిషి.

ఆ ఏడు వానల్లేక కొడుకూ కోడలూ బెంగళూరుకు కూలికి పోతూ ఆరేళ్ళ హేమలతను ఆమెకు అప్పగించారు. ఆ పిల్ల గొర్రెల దొడ్డి గోడ మీంచి పడింది. తొడ వాచి, కాలు కదపలేకపోయింది. అనంతపురంలో ఒక నర్సింగ్‌హోమ్‌కు తీసుకుపోతే ఎక్స్‌రే తీయాలన్నారు.

పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, ఎక్స్‌రే తీసే ఓబుళేసు గోడ వెనక్కి నడిచాడు.

"ఏమప్పా, యాడికి పోతాండావు?"

"బటను ఈడుండాది అవ్వా. ఫోటో తీసినట్లే, ఏం కాదు."

"ఏం కాకుంటే నీకు గోడెందుకు? ఫోటోలు తీసేటోడు యాడన్నా గోడెనక దాక్కుంటాడా?"

ఓబుళేసు నవ్వబోయి మానుకున్నాడు. "ఆ కిరణాలు ఊరికే ఒంటికి తగలకూడదు. నేను దినమంతా ఈడే గదా సచ్చేది."

"నువ్వు ముదిరినోడివి. అది పసిబిడ్డ. దానికి గోడ యాడుండాది?"

ఓబుళేసు వెనక్కి వచ్చాడు. మేకులకు దుమ్ము పట్టి వేలాడుతున్న కిరణాలను ఆపే సీసపు తొడుగులు రెండూ తీసి దులిపాడు. ఒకటి పిల్ల పొట్ట మీద, నడుము కిందికంటా పరిచాడు. పిల్ల ఏడుస్తోందని రెండోది నల్లమ్మకు తొడిగి పక్కన నిలబెట్టాడు. ఆ బరువు చూసి ఆమె కొంచెం నెమ్మదించింది.

అతను గోడ చాటుకు వెళ్ళగానే మళ్ళీ అనుమానం. కాలంతా బయటే వదిలేశాడే! వానలో గొర్రెపిల్ల మీద కంబళి కప్పినట్లు ఆ తొడుగును మోకాలి దాకా లాగేసింది.

ఫిల్ము కడిగి తెచ్చిన ఓబుళేసు ముఖం మాడిపోయింది. "చూడవ్వా, ఎముకను గూడా కప్పితివి. మళ్ళా తీయల్ల."

అబద్ధమేమోనని ఆమె ఫిల్మును కిటికీకి అడ్డం పెట్టి చూసింది. తొడ ఉండాల్సిన చోట ఉత్త తెలుపు. దాని అంచు సరిగ్గా తాను లాగినట్లే వాలుగా ఉంది.

"నా వల్ల బిడ్డకు రెండుతూర్లు తగులుతాదా?"

"ఇంగొక్కసారే. కదిలించొద్దు."

ఈసారి తొడుగు అతనే సర్దాడు. నల్లమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని బిగించి పట్టుకుంది.

"అవ్వా, చెయ్యి పట్టుకో," అని పిల్ల ఏడ్చింది.

"ఆగుమ్మీ. ఆయప్ప చెప్పనీ."

గోడ వెనక నుంచి "అయిపాయ" అని వినబడింది. అయినా ఆమె చేతులు వెంటనే విడిపడలేదు.