రేకు విప్పే సారు

మదనపల్లెలో ఒక కాలేజీ ల్యాబ్‌లోకి మునిరత్నం సారు రోజూ పదింటికి తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని వస్తాడు. కోటు కొని నాలుగేళ్లయినా దానిమీద చుక్క మరక లేదు. బ్యాక్టీరియాలోకి ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ చుట్టను ఎక్కించి పెంచే పని పరిశోధన విద్యార్థిని రెడ్డిరాణిది. దాని గురించి మాట్లాడే పని ఆయనది. ఆ బ్యాక్టీరియా వెలుతురు తగిలితే ఎర్రటి ప్రొటీన్ తయారుచేస్తుంది, చీకట్లో ఉంటే చెయ్యదు. అందుకే ఆమె ఒక ఫ్లాస్కును దీపం కింద పెట్టి, ఇంకోదానికి అల్యూమినియం రేకు చుడుతుంది. చుట్టిపెట్టింది ఏదైనా విప్పి చూపించకపోతే సారుకు తిన్నది అరగదు. పుంగనూరు నుంచి బావమరిది వచ్చినా, కుప్పం నుంచి గ్రానైట్ ఆసామి వచ్చినా, రేకు విప్పి సెల్‌ఫోన్ లైటు కొట్టి, "సూడప్పా, మన ప్రాజెక్టు!" అంటాడు.

మొన్న చీకటి ఫ్లాస్కు కూడా ఎర్రబడింది. మూడు నెలల పని మట్టికొట్టుకుపోయిందని రెడ్డిరాణి ఆ ఫ్లాస్కును తెచ్చి సారు ముందు పెట్టింది.

"మీరు లైటేసినారు సార్, అందుకే ఇట్లయింది."

"యాల ఏడుస్తాండావమ్మా? చీకట్లో కూడా పనిచేస్తాండాది. ఇది కొత్త సంగతి, నేను కనిపెట్టినాను," అన్నాడాయన.

వారం తిరక్కుండా విలేఖరిని పిలిపించాడు. రెడ్డిరాణి మళ్లీ మొదలుపెట్టి, రేకు రెండు చుట్లు చుట్టి, పైన 'విప్పొద్దు' అని రాసిన ఫ్లాస్కును సారు చేతిలోకి తీసుకున్నాడు.

"దీనికి ఇంతవరకూ వెలుతురు పొడే తగల్లేదప్పా, సూడు," అంటూ రేకు విప్పి, సెల్‌ఫోన్ లైటు కొట్టాడు.